ఎవరు ఎవరికి సేవ చేసినట్టు?

మా పిన్ని కొడుకు గుంటూరులో ఉంటాడు. మనసు వెన్న, నోరు మాత్రం పచ్చిమిరపకాయ. వేసవిలో మేం బొలీవియా వెళ్లొచ్చిన ఫొటోలు ఫ్యామిలీ గ్రూపులో పెడితే ఉయుని ఉప్పు మైదానానికి అందరూ లైకులు కొట్టారు. వాడొక్కడే ఫోన్ చేశాడు.

"అక్కా, ఉప్పు సంగతి సరే. మధ్యలో ఆ కొచబాంబా ఏంటి, నాలుగు రోజులు? పక్కింటాళ్ల అబ్బాయి మతం మార్చడానికి పోయిన ఊరికి మీరు టూరేసుకుని పోవడమేంటి?"

"వాళ్లు రమ్మన్నార్రా. ఉయునికి ఎలాగూ కలిసే వెళ్తున్నాం కదా" అని ఏదో సర్దిచెప్పి పెట్టేశాను. ఫోను పెట్టేశాను గానీ ప్రశ్న పోలేదు. ఎందుకంటే అందులో సగం నాదే. పదేళ్లుగా వాళ్ల పక్కింట్లో ఉంటూ, వాళ్లు పంపే కుకీలు తింటూ, మర్యాద కోసం అడక్కుండా మింగేసిన ప్రశ్న అది.

మేముండేది అమెరికాలో, యూటా రాష్ట్రంలోని సాల్ట్ లేక్‌ సిటీకి దక్షిణాన. మా వీధిలో మేం, ఇంకో రెండిళ్లవాళ్లు తప్ప అందరూ ఒకే చర్చి. లోకం మోర్మన్లు అంటుంది. 2018లో వాళ్ల పెద్దాయన ఆ పేరొద్దు, పూర్తి పేరే వాడండి అన్నారు. తెలుగులో ఆ పూర్తి పేరు 'యేసు క్రీస్తు యొక్క కడవరి దిన పరిశుద్ధుల సంఘము'. పేరా పేరాకీ అంత పేరు రాస్తే మీరు పారిపోతారు. కాబట్టి 'చర్చి' అని సరిపెడతాను.

పక్కింటి అబ్బాయి పద్దెనిమిది నిండగానే మిషన్‌కి, అంటే చర్చి తరఫున మతప్రచారానికి, అప్లై చేశాడు. ఏ దేశమన్నది వాళ్ల చేతిలో ఉండదు, చర్చి పంపినచోటికి పోవాలి. మగపిల్లలకైతే రెండేళ్లు. ఎక్కడికి పంపుతున్నారో చదివే రోజు వాళ్ల హాల్లో పెళ్లిచూపులంత హడావుడి. గోడ మీద ప్రపంచపటం పెట్టి ఎవరి ఊహ ప్రకారం వాళ్లని పిన్ను గుచ్చమన్నారు. నేను ఫిలిప్పీన్స్ మీద గుచ్చాను. వాడు "బొలీవియా, కొచబాంబా" అని చదవగానే హాలంతా కేకలు. వాళ్లమ్మ కూడా నవ్వుతూనే ఉంది కానీ, కుర్చీ చేతిని గట్టిగా పట్టుకోవడం నేను చూశాను. కారణం చాలా రోజుల తర్వాత తెలిసింది. 1989లో లా పాస్‌లో ఇద్దరు మిషనరీ కుర్రాళ్లను కాల్చి చంపారు. ఇద్దరూ యూటా పిల్లలే. అప్పుడు ఆవిడ స్కూల్లో ఉంది. ఆ దేశం పేరు వింటే ఆవిడకి ముందు గుర్తొచ్చేది అదే.

ఇక్కడ ఇద్దరు తల్లులు కలిస్తే "మీవాడు ఎక్కడ సర్వ్ చేశాడు?" అని అడుగుతారు, మనం "మీవాడు ఎక్కడ సెటిలయ్యాడు?" అన్నంత మామూలుగా. నా పేచీ మొదట్నుంచీ ఆ మాటతోనే. పిలవని ఇంటికి పోయి, అడగని మాట చెప్పి, దానికి సేవ అని పేరా అనుకునేదాన్ని. కొచబాంబా వెళ్లొచ్చాక కూడా ఆ మాట తప్పే అంటాను. కాకపోతే ఇప్పుడు వేరే కారణం చేత. అందులో కర్తా కర్మా తారుమారయ్యాయి.

ఇంకో కొడుకు

ఊరి గురించి ఎక్కువ రాయను. సముద్రమట్టానికి 2,500 మీటర్ల పైన, ఉత్తరాన 5,000 మీటర్లు దాటిన తునారి శిఖరం, తూర్పు గుట్ట మీద చేతులు చాచిన పెద్ద క్రీస్తు విగ్రహం. విగ్రహమే 34 మీటర్లు, రియోలో ఉన్నదానికంటే ఓ నాలుగు మీటర్లు ఎక్కువ. ఆ సంగతి ప్రతి ట్యాక్సీ డ్రైవరూ మనం అడక్కుండానే చెబుతాడు.

చెప్పాల్సింది లా కాంచా బజారు గురించి. దాని మొదలేదో చివరేదో నాకు అర్థం కాలేదు. ఆలుగడ్డల్లోనే వీధులకి వీధులు. అక్కడ అబ్బాయి ఒక బంగాళాదుంపలమ్మ దగ్గర ఆగాడు. అమ్మేవాళ్లూ కొనేవాళ్లూ ఒకరినొకరు "కసెరీతా" అని పిలుచుకుంటారు, మన రైతుబజార్లో అమ్మా అమ్మా అనుకున్నట్టు. తూకం అయ్యాక వాడు చెయ్యి చాపి "యాపా, యాపా" అన్నాడు. ఆవిడ తిడుతూనే ఇంకో నాలుగు దుంపలు సంచిలో పడేసింది. యాపా అంటే ఏంటని నన్నడిగితే ఒక్క ముక్కలో చెబుతాను: కొసరు. ఇంగ్లీషులో ఈ మాట అర్థమయ్యేలా చెప్పడానికి వాళ్ల నాన్నకి అయిదు నిమిషాలు పట్టింది. ఆయన జన్మలో బేరమాడిన మనిషి కాదు.

వాళ్లమ్మ సంచి పట్టుకుని పక్కన నిలబడి ఉంది. "వాడింత గట్టిగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు" అంది నాతో. వాడు ఇంట్లో మెత్తగా, సగం మాట మింగేసే పిల్లాడు. ఇక్కడ అరుస్తున్నాడు, భుజాలు తడుతున్నాడు, మధ్యలో అక్కడి ఆదివాసుల భాష క్వెచువాలో "అరి, అరి" అంటున్నాడు. అరి అంటే అవును. ఆ నవ్వు కూడా వేరే. రెండేళ్లపాటు ఆవిడకి తెలియకుండా ఇంకో కొడుకు పెరిగాడన్నమాట. వారం వారం వీడియో కాల్ ఉంది, నిజమే. 2019 నుంచి చర్చి అందుకు ఒప్పుకుంటోంది. అంతకుముందు క్రిస్మస్‌కీ, మదర్స్ డేకీ మాత్రమే. కానీ వీడియోలో పిల్లలు ఎవరితో మాట్లాడితే వాళ్ల కొడుకులుగానే కనిపిస్తారు. మనం మాత్రం? మా అమ్మతో వీడియోలో మాట్లాడేటప్పుడు వంటింటి వైపు కెమెరా తిప్పను నేను.

నీళ్ల డ్రమ్ము

రెండోరోజు పెన్షనిస్తా ఇంటికి వెళ్లాం. పెన్షన్ తీసుకునే ఆవిడ కాదు. మిషనరీ కుర్రాళ్ల దగ్గర నెలకింతని తీసుకుని భోజనం పెట్టే ఇల్లాలిని అక్కడ అలా అంటారు. మన భాషలో మెస్ ఆంటీ. ఊరికి దక్షిణాన, గుట్టల మీదికి పోయే మట్టిరోడ్డు. ట్రుఫీలో వెళ్లాం, అంటే మన షేర్ ఆటోలాంటిదే, కాకపోతే కారు. రోడ్డు పొడుగునా ఇళ్ల ముందు నీలం, నలుపు డ్రమ్ములు. చూడగానే అవేంటో నాకు తెలిసింది. ట్యాంకర్ కోసం డ్రమ్ములు వరసలో పెట్టిన ఊళ్లో పెరిగినదాన్ని. పక్కింటావిడకి తెలియలేదు. చెత్తడబ్బాలు అనుకుంది.

తలుపు తీసిన ఆవిడకి అరవై పైనే ఉంటాయి. రెండు జడలు, ఏప్రన్. వాణ్ని చూసి "ఎల్దెర్!" అని ఒకే అరుపు, తర్వాత వాడి నడుము పట్టుకుని ఏడుపు, ఆవిడ తల వాడి ఛాతీ దాకానే వచ్చింది. లోపల కూర్చున్నాక వాళ్లమ్మ మాటల మధ్య కొడుకు పేరు పెట్టి ఏదో అంది. పెన్షనిస్తా అయోమయంగా చూసి "ఆయనెవరు?" అని అడిగింది. మిషన్‌లో అందరూ ఇంటిపేరుతోనే చెలామణీ, ముందు 'ఎల్దెర్' అనే చర్చి బిరుదు తగిలించి. ఏడు నెలలు అన్నం పెట్టిన మనిషికి ఆ పిల్లాడి పేరు తెలియదు! ఆ పూట తెలుసుకుంది. రెండు మూడుసార్లు పలికి చూసి, నోరు తిరగక, మళ్లీ ఎల్దెర్ దగ్గరికే వచ్చేసింది.

వంట పెరట్లో. వేరుశనగ సూప్, సోపా దె మనీ అంటారు. పచ్చి పప్పులు నూరి కాచింది, తెల్లగా, చిక్కగా ఉంది. వేరుశనగ పుట్టిల్లు ఆ ప్రాంతమేనని చదివాను గానీ, అనంతపురంలో నాలుగు తరాలు ఆ పంట మీద ఆకాశం వైపు చూసినవాళ్ల పిల్లగా (మా నాన్నవైపు), ఆ సూప్ చెంచా నోట్లో పెట్టుకున్నప్పుడు ఏదో చుట్టాలింటికి వచ్చినట్టే అనిపించింది.

తర్వాత ఆవిడ ల్యాహ్వా నూరడానికి కూర్చుంది. బతాన్ అనే బల్లపరుపు రాయి, మన సన్నికల్లు కంటే బాగా పెద్దది. పైన రాయి పొత్రంలా ఉండదు, అర్ధచంద్రంలా ఉంటుంది. రెండు చేతులా పట్టుకుని ఉయ్యాల ఊపినట్టు అటూ ఇటూ ఒరిగించాలి. టమాటాలు, ఉప్పు, నల్లగింజల లొకోతో మిరపకాయలు, కిర్కిన్యా అనే ఆకు. ఆకు వాసన కొత్తిమీరకి మేనత్త కూతురిలా ఉంది, పొగరు కాస్త ఎక్కువ. నేనూ ఓ చెయ్యి వేస్తానని కూర్చున్నాను. రాయి కదలడం లేదు. నీళ్లు పోయనా అని సైగ చేశాను. ఆవిడ వేలు అడ్డంగా ఊపింది. టమాటా నీరు ఉందిగా, అదే చాలన్నట్టు. నీళ్లంటే ఆ ఇంట్లో ఎంత జాగ్రత్తో నాకు అక్కడే తట్టి ఉండాల్సింది.

భోజనాల దగ్గర ఆవిడ గలగలా చెబుతోంది, అబ్బాయి ఇంగ్లీషులోకి మారుస్తున్నాడు. ఒకచోట ఆవిడ చాలాసేపు మాట్లాడింది, చేత్తో కాలరు చూపించింది, వాకిట్లోకి చూపించి నవ్వింది. వాడు ఒక్క వాక్యంలో తేల్చేశాడు: "నా చొక్కాలు బాగా ఉతికేదాన్ని అంటోంది." మా అమ్మాయి స్కూల్లో నాలుగేళ్లుగా స్పానిష్ చదువుతోంది. అది నావైపు వంగి తెలుగులో మెల్లిగా చెప్పింది: "అమ్మా, అది కాదు. వీళ్ల తెల్ల చొక్కాల కోసం వారానికి ఇంకో డ్రమ్ము నీళ్లు ఎక్కువ కొనాల్సొచ్చేదంట. వాళ్లాయనకి తెలిస్తే గొడవని తన పావడాలు ఆ సబ్బునీళ్లలోనే ముంచేదంట."

200 లీటర్ల డ్రమ్ము. దానికి డబ్బు. ఆ నీళ్లతో యూటా పిల్లాడి కాలరు.

పక్కింటావిడ ఫ్రిజ్ మీద రెండేళ్లపాటు ఉన్న ఫొటో గుర్తొచ్చింది నాకు. బయట దుమ్ము రోడ్డు, ముందు వాడు, మెరిసిపోయే చొక్కా. "చూడు, అంత దుమ్ములో కూడా ఎంత శుభ్రంగా ఉన్నాడో" అని ఎన్నిసార్లు చూపించిందో. వాడి క్రమశిక్షణకి అది సాక్ష్యం అనుకుంది. నేనూ అనుకున్నాను.

చెప్పనా మాననా అని ఆ సాయంత్రం దాకా కొట్టుకున్నాను. కొడుకు దాచింది పక్కింటి మనిషిగా నేను బయటపెట్టడమేంటి? చివరికి హోటల్ మెట్ల మీద చెప్పేశాను. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "నేను నెలనెలా 500 డాలర్లు కడుతున్నాను కదా, అన్నీ అందులోనే వస్తాయనుకున్నాను" అంది. అది నిజమే. మిషన్‌కి వెళ్లిన పిల్లల ఇంటివాళ్లు అంత కడతారు. జపాన్ వెళ్లినా బొలీవియా వెళ్లినా అదే రేటు. అందులోంచే పెన్షనిస్తాలకి డబ్బు ముడుతుంది.

మా ఆయన పట్టుకున్న పాయింటు కూడా అదే: "డబ్బు తీసుకుని చేసిందాన్ని సేవ అనకు. అది పని. ఆవిణ్ని త్యాగమూర్తిని చేసేస్తే ఆవిడకొచ్చే నాలుగు డబ్బుల్నీ అవమానించినట్టే." ఈ మాటకి నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఆవిడ కూడా తాను త్యాగం చేసినట్టు చెప్పలేదు, నవ్వుతూ చెప్పింది. కానీ ఒప్పుకున్నది భోజనానికీ ఉతుకుకీ. ఆ అదనపు డ్రమ్ము ఏ లెక్కలోనూ లేదు. కూలి ఎక్కడ ఆగిందో, ఆ పైన పెట్టినదానికి ఏదో ఒక పేరుండాలి కదా. యాపా అందామా?

ఆ ఊళ్లో నీళ్ల గురించి మాట్లాడేటప్పుడు 2000 సంవత్సరం రాకుండా ఉండదు. నీటి సరఫరాని విదేశీ కంపెనీల కూటమికి అప్పగించారు, అందులో అమెరికా బెక్టెల్‌ది ప్రధాన వాటా. కొందరి బిల్లులు రెట్టింపయ్యాయి. జనం రోడ్ల మీదికొచ్చారు. ఏప్రిల్ 8న పదిహేడేళ్ల కుర్రాడు తూటాకి చనిపోయాడు. రెండ్రోజులకి ప్రభుత్వం దిగొచ్చింది, కంపెనీ పోయింది. సరిగ్గా ఆ నెలాఖరున, ఏప్రిల్ 30న, అదే ఊళ్లో ఈ చర్చివాళ్ల ఆలయం ప్రారంభమైంది. రెండింటికీ సంబంధం అంటగట్టను, ఆలయం కట్టాలని అయిదేళ్ల ముందే అనుకున్నారు. పచ్చటి గడ్డి, చెక్కుచెదరని తెల్లటి గోడలు చూసి పక్కింటాయన కళ్లు తుడుచుకున్నాడు. ఆయన కన్నీళ్లు నిజమైనవే. నేను మాత్రం ఆ గడ్డికి నీళ్లెక్కడివా అని చూస్తున్నాను. నీళ్ల కోసం గెలిచిన పోరాటం తర్వాత ఇన్నేళ్లకి కూడా దక్షిణం గుట్టల మీద చాలా ఇళ్లకి కుళాయి రాలేదు.

తెల్ల జెండా ఇల్లు

మూడోరోజు సంగతి రాయాలా వద్దా అనుకున్నాను, అబ్బాయిని అడిగాను, రాయమన్నాడు.

వాడు బాప్తిస్మం ఇచ్చినవాళ్లలో ఒకాయన ఇంటికి బయల్దేరాం. ఊరి చివర పల్లె. ఆ పెద్దాయన అప్పట్లో తాగుడు మాని, ప్రతి ఆదివారం ముందు వరసలో కూర్చునేవాడట. ఇంటి దగ్గరికి రాగానే అబ్బాయి నడక నెమ్మదించింది. గుమ్మం పక్కన వెదురు కర్రకి తెల్లగుడ్డ కట్టి ఉంది. ఆ వైపు పల్లెల్లో తెల్లజెండా కనిపిస్తే ఇవాళ ఈ ఇంట్లో చిచా ఉంది అని అర్థం. చిచా అంటే మొక్కజొన్నతో చేసే కల్లు. ఈ చర్చివాళ్లు కల్లూ సారానే కాదు, టీ కాఫీలు కూడా ముట్టరు.

వెనక్కి తిరుగుదామా అన్నట్టు వాడు వాళ్ల నాన్న వైపు చూశాడు. ఈలోపే ఆయన బయటికొచ్చాడు. క్షణం ఆ జెండా వైపు, క్షణం వీడి వైపు చూసి, ఏం చేయాలో తోచక పగలబడి నవ్వేశాడు. వాడూ నవ్వాడు. కౌగిలించుకున్నారు. మాకోసం ఆయన చిచా తేలేదు, మొకొచించి తెచ్చాడు, ఎండు పీచుపండ్లు నానేసి కాచిన తీపి పానకం. తాను మాత్రం చిచా బుర్ర పట్టుకుని, ముందు నాలుగు చుక్కలు నేల మీద పోసి, అప్పుడు తాగాడు. భూమాతకి. దాన్ని వాళ్లు పచమామా అంటారు.

దార్లో అబ్బాయి అన్నమాట ఇది: "ప్రతి వారం లెక్కలు పంపేవాళ్లం. ఎంతమందిని కలిశాం, ఎంతమంది వచ్చారు, ఎంతమంది బాప్తిస్మంలో మునిగారు. ఆ వారం నా లెక్క ఒకటి. అది ఈయనే."

లెక్క గురించి ఒక మాట. పక్క దేశం చిలీలో 2002 జనాభా లెక్కల్లో, పదిహేనేళ్లు, ఆపైన వయసున్నవాళ్లలో, మేం ఈ చర్చివాళ్లం అని చెప్పుకున్నది లక్షా నాలుగు వేల మంది లోపే. అప్పటికి చర్చి పుస్తకాల్లో ఉన్నది అయిదు లక్షల పైన. పుస్తకాల్లో పిల్లలూ ఉంటారు గానీ, వాళ్లని తీసేసినా చాలామంది తెల్లజెండా కిందికి వెళ్లిపోయారనుకోవాలి. గుంటూరు తమ్ముడు ఈ అంకె వింటే పండగ చేసుకుంటాడు. "చూశావా, రెండేళ్లు దండగ" అంటాడు. నాకు అలా అనిపించలేదు. ఆ వాకిట్లో ఇద్దరూ నవ్వుకున్నప్పుడు లెక్క ఎటో పోయి ఇద్దరు మనుషులు మిగిలారు. కానీ ఇంకో సందేహం కూడా ఉంది, దాన్ని దాచను. పంతొమ్మిదేళ్ల కుర్రాడు, పెళ్లి లేదు, పిల్లల్లేరు, భాష అప్పుడే పట్టుబడుతోంది. తాతల నాటి నుంచీ మొక్కజొన్న నానబెట్టే ఇంటికి వెళ్లి నీ కుండ పాపం అని చెప్పడానికి వాడికి ధైర్యం ఎలా వచ్చింది? వాణ్నే అడిగాను. "అప్పుడు ధైర్యం అక్కర్లేదు ఆంటీ, నాకంతా తెలుసనే అనుకున్నాను" అన్నాడు.

మీ అమ్మ ఎక్కడ పుట్టిందిరా?

ఇక మా తమ్ముడి సంగతి. "వీళ్లే రేపు మన ఊళ్లకొచ్చి ఇదే పని చేస్తే?" అన్నాడు ఆ ఫోన్లో. రేపేంటి, ఎప్పుడో వచ్చారు. నువ్వున్న గుంటూరుకే 1842లో అమెరికా లూథరన్ మిషనరీ హయ్యర్ దొర వచ్చాడు. మీ అమ్మ, అంటే మా పిన్ని, ఆవిడకంటే ముందు మా అమ్మ, ఇద్దరూ పుట్టింది కుగ్లర్ ఆస్పత్రిలో. అన్నా కుగ్లర్ అనే డాక్టరమ్మ 1883లో గుంటూరు వచ్చి, 1930లో అక్కడే కన్నుమూసింది. మా అమ్మమ్మ మతం మారలేదు. ఇద్దరు పిల్లలతో క్షేమంగా ఇంటికొచ్చింది, అంతే.

కాబట్టి మిషనరీలు మంచివాళ్లు అని తేల్చేస్తున్నానా? లేదు. కుగ్లర్ నలభై ఏడేళ్లు ఉంది, పక్కింటి అబ్బాయి రెండేళ్లు. ఆవిడ చేతిలో వైద్యం ఉంది, వీడి చేతిలో పుస్తకం. రెండూ ఒకటి కావు. పోల్చాల్సింది ఇంకొకటి. ఒంగోలు అనగానే అమెరికా బాప్తిస్టు మిషనరీ జాన్ క్లౌ పేరు చెబుతారు. 1878 జూలై 3న ఒక్కరోజులో 2,222 మందికి బాప్తిస్మాలు. ధాత కరువులో బకింగ్‌హాం కాలవ పని కాంట్రాక్టు తీసుకుని కూలి పెట్టించాడు, ఆ కరువు పనులు సాగినంతకాలం, కూటి కోసం వచ్చారన్న మాట రాకుండా బాప్తిస్మాలు ఆపాడు. అదంతా నిజమే. కానీ ఊరూరా తిరిగింది ఎవరు? యర్రగుంట్ల పేరయ్యలాంటి మాదిగ పెద్దలు. వాళ్ల గుడిసెల్లో గంజి తాగి, వాళ్ల వెంట నడిచి, వాళ్ల మాటల్లో తన మాట కలుపుకుంటే క్లౌ దొర క్లౌ దొర అయ్యాడు. అంకె ఆయన పేరున పడింది. కొచబాంబాలో నాకు కనిపించింది కూడా అదే బొమ్మ, చిన్న సైజులో. సేవ చేయడానికి వచ్చాననుకున్నవాణ్ని ఊరే రెండేళ్లు మోసింది, తినిపించింది, ఉతికింది, భాష నేర్పింది, దారి తప్పితే ట్రుఫీ ఎక్కించింది. వాడు పెట్టె సర్దుకుని ఇంటికొచ్చాక "మావాడు సర్వ్ చేశాడు" అంటున్నారు.

అందుకే ఆ కుటుంబం వెళ్లడం నాకు నచ్చింది. కొడుకు విజయం చూసుకుందామనే బయల్దేరారు, అందులో అబద్ధం లేదు. పక్కింటాయన బ్యాగులో పంచడానికి పుస్తకాలు కూడా ఉన్నాయి. బయల్దేరింది దేనికోసమైతేనేం, అప్పు ఇచ్చినవాళ్ల గుమ్మంలోకి తమ కాళ్లతోనే నడిచారు. ఇలా పేదల ఇళ్లు చూసి రావడం కూడా ఒక రకం టూరిజమే, మనసు నింపుకోవడానికి పనికొచ్చేది అని ఎవరైనా అంటే కాదనను. నేనూ ఆ బతాన్‌తో ఫొటో దిగాను. కానీ వెళ్లనివాళ్లకి ఆ డ్రమ్ము సంగతి ఎప్పటికీ తెలిసేది కాదు. ఫ్రిజ్ మీద ఫొటో అలాగే ఉండేది.

ఇది రాస్తున్నప్పుడే మా అమ్మాయి భుజం మీంచి చదివి అడిగింది, "నీకెవరున్నారమ్మా అలా?" అని. ఉన్నారు. ఉద్యోగం వెతుక్కునే రోజుల్లో ఎస్.ఆర్. నగర్‌లో పై గదిలో అద్దెకుండేవాళ్లం ఇద్దరం. కింది ఆంటీ క్యారేజీకి డబ్బు తీసుకునేది, నిజమే. ఇంటర్వ్యూ రోజు పెరుగన్నం విడిగా పెట్టేది, దానికి తీసుకునేది కాదు. అమెరికా వచ్చాక ఒకటి రెండుసార్లు ఫోన్ చేశాను. హైదరాబాద్ ఎనిమిదిసార్లు వెళ్లాను. ఆ వీధిలోకి ఒక్కసారీ వెళ్లలేదు, టైం లేదనుకుంటూ. ఒకసారి ఆ రోడ్డు మీదే గోల్డ్ షాపుకి వెళ్లాం.

మధ్యాహ్నం పన్నెండున్నర

నాలుగోరోజు, ఉయుని వైపు బస్సెక్కే ముందు, పక్కింటావిడ మళ్లీ పెన్షనిస్తా దగ్గరికి వెళ్దామంది. నన్నూ మా అమ్మాయినీ తీసుకెళ్లింది. కొడుకుని తీసుకెళ్లలేదు. స్పానిష్‌కి మా అమ్మాయే దిక్కు.

ఏం చెప్పాలో హోటల్లో కాగితం మీద రాసుకుంది, కానీ అక్కడ దాన్ని తీయలేదు. పెన్షనిస్తాయే ముందు మొదలుపెట్టింది. చొక్కాల్లో ఒకదానికి కాలరు పసుపు మిగిలిపోయిందట, ఎంత తోమినా పోలేదట, ఇంటికెళ్లాక అమ్మ ఏమనుకుందోనని అప్పుడప్పుడు అనిపించేదట. మా అమ్మాయి తర్జుమా చేస్తుంటే దాని గొంతే వణికింది. పక్కింటావిడ "లేదు, లేదు" అని మాత్రం అనగలిగింది. అది స్పానిష్‌లోనూ 'నో' యే కాబట్టి తర్జుమా అక్కర్లేకపోయింది.

అప్పుడే తలుపు చప్పుడైంది. ఇద్దరు కుర్రాళ్లు, తెల్ల చొక్కాలు, నల్ల నేమ్ బ్యాడ్జీలు. ఒకడు పెరూవాడు, ఒకడు ఐడహోవాడు. భోజనం టైము. ఆ ఇంట్లో నాలుగే కుర్చీలు. పెన్షనిస్తా మొహమాటమేం లేకుండా మమ్మల్ని లేపి, బల్ల తుడిచి, కంచాలు పెట్టింది. మేం పెరట్లోకి జరిగాం. లోపల్నుంచి సూప్ వాసన, ఐడహో కుర్రాడి తప్పుల తడక స్పానిష్, ఆవిడ దిద్దడం వినిపిస్తున్నాయి.

మేం తాగిన గ్లాసులు అక్కడే తొట్టి పక్కన ఉన్నాయి. పక్కింటావిడ చొక్కా చేతులు పైకి మడుచుకుని కడుగుతానని వంగింది. డ్రమ్ము మూత తీసింది. మగ్గు ముంచి, సగం నింపి, మళ్లీ కొంచెం డ్రమ్ములోకే వంచి, ఎంత వాడొచ్చో తెలియక నావైపు చూస్తూ అలాగే నిలబడింది.